దినచర్యా రూపమున నవల



నవల వ్రాయబూనిన వానికి మొదట కలుగు సందేహము, కథ నెవరిచేత చెప్పింపవలెనని. కథను దినచర్యగా, అనగా డైరీగా, నడుపుట యెప్పుడు తగునో నేడు మనవి చేసెదను.

ఈ సందేహము క్రొత్తది కాదు. నాయకుడు తన వృత్తాంతమును తానే చెప్పిన నది ఆఖ్యాయిక యనియు, ఇతరులు చెప్పిన కథ యనియు భామహుడు విభజించెను. చెప్పువా డెవడైన నేమి, రెండును ఒక్క జాతివే యని దండి కాదనెను. దండి మాట కొంత నిజము. 'నేను' అని వ్రాసినంత మాత్రమున రచన దినచర్య కాదు. వృద్ధుడు తన బాల్యమును చెప్పునపుడు కథాంతము వాని కెఱుకయే. దినచర్య వ్రాయువానికి రేపటి సంగతి తెలియదు. ఆ తెలియమియే ఈ రూపమునకు ప్రాణము.

మన సీమకు సంబంధించిన నిదర్శన మొకటి కలదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేఱి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. కృష్ణ దాటి కొల్లాపురము, వనపర్తి సంస్థానముల మీదుగా పోవుచు, ఆ ప్రభువుల కలహములచేత రైతులు పడుపాట్లను వ్రాసిరి. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' నవల కాదు. అయినను చదువరి వారితోగూడ మజిలీ మజిలీకి నడచుచున్నట్లే యుండును. నవలాకారుడు నేర్వవలసిన విద్య యిదియే.

రుష్యా రచయిత గొగోల్ 1835లో ప్రకటించిన పిచ్చివాని దినచర్య యను కథలో తేదీలు మొదట సరిగానే యుండి, రానురాను ఏప్రిలు మాసమునకు 43వ తేది వచ్చును. వానికి మతి తప్పినదని వేఱొకరు చెప్పనక్కఱలేదు, తేదియే చెప్పును.

ఈ రూపమునకు కట్టుబాట్లును కలవు. వ్రాయువాడు తాను చూడనిది, విననిది వ్రాయరాదు. తనకు తెలిసిన ఊరిచరిత్రను తనకు తాను బోధించుకొనరాదు. ఇంట పీనుగు వెడలిననాడు నాలుగు పుటలు వ్రాయువా డుండడు. ఆనాటి తేది క్రింద ఒక్క వాక్యము, మఱునాడు ఏమియు లేకుండుట, అంతకన్న నెక్కువ పలుకును.

శ్రీశైలము ప్రాజెక్టు జలాశయమువలన కృష్ణా తుంగభద్రల తీరమున అనేక గ్రామములు 1981 ప్రాంతమున మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి, ఇప్పుడు గద్వాల జిల్లాలో నున్న అలంపురమునకు తరలించిరి. ఆ పల్లెల కథను అన్నియు నెఱిగిన గ్రంథకర్త చెప్పిన, అది చరిత్ర యగును. ఆ యూరి బడిపంతులో, రైతింటి కోడలో ప్రతిరాత్రియు వ్రాసికొన్న దినచర్య యైనచో? ఈ యేడు విత్తనము చల్లుదమా వలదా? పిల్ల పెండ్లి ఈ యింట జరుగునా? ఆనాటికి జవాబు లేదు. ఊరు మునుగునని చదువరికి తెలియును, వ్రాయువానికి తెలియదు. ఆ రెంటి నడుమనే కరుణరసము పుట్టును.

కావున నవల వ్రాయదలచిన వారు తమ కథలో రేపటిని ఎఱుగకుండుట అవసరమా యని మొదట ప్రశ్నించుకొనవలెను. అవసరమైన దినచర్యను చేపట్టుడు. కానిచో కథను సూటిగా చెప్పుడు, అదియు ఉత్తమమార్గమే.