పియాజొల్లా టాంగోలలో గతి, స్వరము, భావము



ఏ ఫిడేలు విద్వాంసుని స్మృత్యర్థము ఈ యుపన్యాసము ఏర్పడినదో, ఆయన తన శిష్యులను చేత తాళము వేయనీయక, కాలప్రమాణమును కమానులోనే నిలుపుడని శాసించెడివారు. ఆ శాసనమునకు దూరదేశమున లభించిన యొక నిదర్శనమును మీ ముందుంచుట యుచితమని తలంచి, అర్జెంటీనా దేశీయుడగు ఆస్తోర్ పియాజొల్లా, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన క్రోనోస్ క్వార్టెట్‌తో కూడి వాయింపగా 1991లో వెలువడిన 'ఫైవ్ టాంగో సెన్సేషన్స్' అను ధ్వనిముద్రణమును నేటి విషయముగా గైకొంటిని. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, వానితో పియాజొల్లా చేతి బందోనియన్ అను తిత్తివాద్యము, ఐదు భాగములు, అన్నియు కలసి అరగంటకు లోబడినవే.

రికార్డుల పట్టికలలో నిమిషమునకు దెబ్బలెన్ని, స్వరజాతి యేది, భావమేది యని మూడు గళ్లు గీసి నింపుట నేడు వాడుకయైనది. ఈ ముద్రణమునకెదురుగా విలంబము, మైనరు, విషాదము అని వ్రాసినచో తప్పుపట్టువారుండరు. ఐనను వినువాని హృదయముపై ఈ సంగీతము మోపు భారమునకు ఆ మూడు మాటలును కారణము చెప్పజాలవని నా దృఢవిశ్వాసము.

మొదట గతిని విచారింతము. పియాజొల్లా రచనలలో తరచుగా వినవచ్చు నడక ఎనిమిది మాత్రలను నాలుగు నాలుగుగా గాక, మూడు, మూడు, రెండుగా విరుచును. మొదటి మాత్రపైనను, నాలుగవదానిపైనను, ఏడవదానిపైనను ఊనిక పడును. మిలోంగా యను పాతనృత్యమునుండి వచ్చిన యీ విరుపు మన ఆదితాళపు ఎనిమిది అక్షరములెరిగిన చెవికి క్రొత్తగాదు. ముక్తాయింపులలో మన మృదంగవిద్వాంసులును ఇట్టి లెక్కలు వేయుదురు. కాని మనకు అది తాళమున ఒకచో వచ్చి సమమునకు చేరునట్టి అలంకారము. పియాజొల్లాకు అది నిత్యశ్వాస. చివరి రెండు మాత్రల ఖండము ముందరి మూడు మాత్రల ఖండములకంటె పొట్టిదగుటచే, ఆవర్తము ముగియుచోటనెల్ల ఎవరో వెనుకనుండి త్రోసినట్లుండును. కాలప్రమాణమెంత నెమ్మదియైనను ఆ త్రోపు మానదు గనుకనే, నెమ్మదిగా సాగు టాంగోలో విశ్రాంతి యుండదు. దీనికి తోడు టాంగో వాద్యకారులు 'అరాస్త్రే' అని పిలుచునది యొకటి కలదు. దెబ్బపడుటకు క్షణము ముందే స్వరము నీడ్చుకొనుచు వచ్చి దెబ్బమీదికి చేరుట. అది నిమిషపు లెక్కల కందునది కాదు.

స్వరజాతిని గూర్చి స్వల్పముగా చెప్పిన చాలును. పాశ్చాత్యుల హార్మానిక్ మైనరు స్వరములు మన కీరవాణి స్వరములే. కీరవాణి యంతయు ఏడ్పని మనలో నెవ్వరు నందురు? అట్లే సాధారణగాంధారము తనంతట దుఃఖమును పుట్టింపజాలదు; క్రింద చెల్లో అర్ధస్వరములమీద ఒక్కొక్క మెట్టుగా దిగుచుండ, పైన బందోనియన్ ఒకే స్వరమును విడువక పట్టుకొని యున్నపుడు, ఆ రెంటి నడుమ మారుచున్న దూరమే బాధగా పరిణమించును.

ఈ బందోనియన్ జర్మనీలోని క్రేఫెల్డ్ వర్తకుడగు హైన్రిష్ బాండ్ పేర వెలసి, సముద్రము దాటి బ్యూనస్ ఐరిస్ చేరినది. చేతులకు రెండుప్రక్కల కలసి 71 మీటలు. తిత్తిని చాపునపుడు ఒక స్వరమును, మూయునపుడు వేరొక స్వరమును పలుకుటయే దాని నియమము. పియాజొల్లా నిలుచుండి, ఒక పాదమును పీఠముపై నుంచి, మోకాలిపై దానిని ఆనించి వాయించెడివాడు. గాలి యయిపోవుచోట పదము విరుగవలెను, తిత్తి దిశ మారవలెను. క్వార్టెట్ వారికి కమాను మార్చుటయు నట్టిదే. కావున ఈ రికార్డులో కమానుల మలుపును తిత్తి మలుపును ఒక్కొక్కచోట ఏకమై, ఒక్కొక్కచోట వేరై నడచుటను చెవి నిలిపి వినవలయును. నాకు ఇందలి భావమంతయు ఆ సంధులలోనే కనబడుచున్నది.

ఐదు భాగములకును పేర్లు వరుసగా నిద్ర, ప్రేమ, ఆందోళన, మేల్కొనుట, భయము. మేల్కొనుట నిద్రకు పిమ్మట గాక ఆందోళనకు పిమ్మట వచ్చినది. దాని వెనువెంటనే భయము. 1921లో మార్ దెల్ ప్లాతాలో జన్మించి, న్యూయార్కులో బాల్యము గడపి, అనీబల్ త్రొయిలో టాంగో బృందమున వాయించి, 1954లో పారిస్ చేరి నాడియా బూలాంజే యొద్ద కౌంటర్‌పాయింటు నభ్యసించిన పియాజొల్లా, ఆ భయమునకు ఫ్యూగ్ ఫక్కిని ఎన్నుకొన్నాడు. ఒక గొంతు పలికిన పల్లవిని మరియొక గొంతు వెన్నాడి పట్టుకొనును. తప్పించుకొను త్రోవ లేదు. ఇట్టి శాస్త్రబద్ధరూపము భయమును అణచునని తోచవచ్చును. ఇచట అదియే భయమును పెంచినది. 1990 ఆగస్టులో పారిస్‌లో మస్తిష్కమున రక్తస్రావమై, మరల వాద్యము పట్టజాలక, 1992 జూలై 4న పియాజొల్లా కాలధర్మము నొందినాడు. ముద్రణము ప్రజల చేతికి వచ్చునప్పటికే ఆ చేతులు నిలిచిపోయినవి.

మీకు వినిపించుటకు ఏర్పాటైనది ఆ యైదవ భాగమే. రెండవ గొంతు ప్రవేశించునపుడు మొదటి గొంతు ఏమగుచున్నదో గమనింప ప్రార్థన.