పాట వస్తే చాలదు, పరీక్ష కావాలి



ఇంట్లో కట్టుకునే వాల్వు యాంప్లిఫయరును గురించి ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం. "అది మగపిల్లల గొడవ, మనకెందుకమ్మా?" అనుకోకండి. అటకమీది పాత రేడియో విప్పి, ఆ సామానుతో పాటలు వినాలనే సరదా కొందరు పిల్లల్లో మళ్ళీ కనబడుతోంది. ఆ పని జరిగేది మన ఇంట్లో, మన బల్లమీద. అందులో వుండేది 250 వోల్టులు, ఒక్కోచోట 300 కూడా. కనుక దాని మంచిచెడ్డలు ఇల్లాలికి తెలిసివుండాలి.

వాల్వు అంటే గాలి తీసేసిన గాజుబుడ్డి. లోపలి హీటరు వేడెక్కితే కాథోడు నుంచి ఎలక్ట్రానులు బయల్దేరి ప్లేటువైపు పరుగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే సన్నతీగల అల్లిక వుంటుంది. కృష్ణా డెల్టాలో పుట్టిన మనకి దీన్ని బోధపరచడం తేలిక. కాలవ లాకు దగ్గర ఒక్క మనిషి చక్రం తిప్పితే తలుపు లేచి కాలవనిండా నీరు పారుతుంది గదా! అలాగే గ్రిడ్ మీది చిన్న స్వరం ప్లేటులోని పెద్ద ప్రవాహాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైనప్పుడు ఇళ్ళలో వున్నవి వాల్వు సెట్లే. ట్రాన్సిస్టరు సెట్లు తర్వాత వచ్చాయి.

గుడివాడలో మా తమ్ముడి కొడుకు ఇలాంటిదే కట్టాడు. ముందు ఇ.సి.సి. 83, తర్వాత ఇ.ఎల్. 84 అనే రెండు వాల్వులు, కరెంటును సరిచేసే ఇ.జెడ్. 80 మరొకటి. మిగతా సామాను అవనిగడ్డ నుంచి తెచ్చిన పాత రేడియోలోది. "అత్తయ్యా, రా, పాట విందువుగాని" అని పిలిచాడు. పాట బాగానే వచ్చింది. పది నిమిషాలకి గొంతు బొంగురుపోయింది. చూస్తే ఇ.ఎల్. 84 లోపలి ప్లేటు కుంపట్లో బొగ్గులా ఎర్రబడివుంది! వెంటనే స్విచ్చి కట్టించాను.

కారణం చిన్నదే. మొదటి వాల్వు మీది పెద్ద వోల్టేజిని ఆపి, పాటను మాత్రం రెండో వాల్వు గ్రిడ్‌కి దాటించే కెపాసిటరు ఒకటి వుంటుంది. పాతకాలపు కాగితం కెపాసిటరు మన సముద్రపు తేమ గాలికి ఏళ్ళతరబడి చెమర్చి లీకయింది. గ్రిడ్ దగ్గర సున్నా వుండాల్సిన చోట 6 వోల్టులు చూపించింది మీటరు. లాకు తలుపు ఎత్తి వదిలేసినట్టయింది. కొత్త కెపాసిటరు వేస్తే సున్నాకి వచ్చింది.

పాట వచ్చినంతమాత్రాన యంత్రం బాగున్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టిచూసినట్టే దీన్నీ పట్టిచూడాలి. ఆ తర్వాత వాడు మీటరు పెట్టాడు, నేను నోటుబుక్కులో అంకెలు రాశాను.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల పాతరకం బల్బును సిరీస్‌లో పెట్టాలి. ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే, జేగీయమానంగా వెలుగుతూనే వుంటే ఎక్కడో షార్టున్నట్టే. అయితే ఈ బల్బు యంత్రాన్ని కాస్తుందిగాని మనిషిని కాయదు.

తర్వాత బల్బు తీసేసి హీటర్లకి 6.3 వోల్టులు అందుతున్నాయో లేదో చూడాలి. ఇ.ఎల్. 84 కాథోడు దగ్గర 135 ఓముల రెసిస్టరు మీద 7.3 వోల్టులు వుంటే, మొత్తం 54 మిల్లీయాంపియర్లు పారుతున్నట్టు. అందులో ప్లేటు వాటా సుమారు 48. దాన్ని 250తో గుణిస్తే 12 వాట్లు. ఆ వాల్వు ప్లేటు భరించగలిగిందీ అంతే.

స్పీకరుకి బదులు 8 ఓముల, 10 వాట్ల రెసిస్టరు కట్టి, ఫోన్లోంచి 400 సైకిళ్ళ కూత పంపాలి. దానిమీద 5 వోల్టులు వస్తే సుమారు 3 వాట్లు. ఒక ఇంటి గదికి అది ధారాళం. స్పీకరుగాని రెసిస్టరుగాని లేకుండా మాత్రం నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

చివరకి పాట. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలగారి గొంతుకంటే మంచి పరీక్ష ఏముంది? ఆ గొంతులో గరగర వినబడితే తప్పు యంత్రానిదే.

ఇక పిల్లలకి ఖచ్చితంగా చెప్పవలసినవి. స్విచ్చి కట్టినా కెపాసిటర్లలో వోల్టేజి నిలిచివుంటుంది. 47 మైక్రోఫారడ్ల కెపాసిటరుకి అడ్డంగా 220 కిలోఓముల రెసిస్టరు వేస్తే నిమిషంలో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా మీటరుతో చూసిగాని చెయ్యి పెట్టకూడదు. కొలిచేటప్పుడు రెండో చెయ్యి జేబులో వుండాలి. తడికాళ్ళు పనికిరావు. ఇనపపెట్టెకి ఎర్తు తప్పనిసరి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పని అసలే వద్దు.

"యు" అక్షరంతో మొదలయ్యే వాల్వులున్న పాత సెట్లలో చాలావాటికి మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు వుండదు, వాటి ఇనపపట్టీకే కరెంటు వుండవచ్చు. అలాంటివి పిల్లలచేతికి ఇవ్వకండి. దివిసీమలో దొరికే రేడియోలు కొన్ని 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తడిసినవి కావచ్చు. ఉప్పునీరు తాకిన ట్రాన్స్‌ఫార్మరును ఎంత ఎండబెట్టినా నమ్మరాదు. పైకి శుభ్రంగానే వుంటుంది, లోపల సన్నతీగను ఉప్పు తినేస్తుంది.

పిల్లల సరదాను కాదనకండి. బందరులో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఆ కర్మాగారంలో చీకట్లో చూసే పరికరాలు తయారవుతాయి. వాటిలో మసకవెలుతురును పెంచేదీ గాలి తీసిన గొట్టమే! ఈ విద్యకి కాలం చెల్లలేదు. వాడు సోల్డరింగు చేస్తుంటే మీరు పక్కన కూర్చుని అంకెలు రాయండి. "ముందు కొలిచిచూపించు, తర్వాతే పాట" అని అడగండి. అలా అడిగే మనిషి ఇంట్లో వుంటే పిల్లవాడు క్షేమం, పాటా క్షేమం.