రెండు కాలముల నవల – స్త్రీల శ్రమ

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున నాకు నచ్చిన పుస్తకమొకదానిని గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరిరి. అమెరికా రచయిత్రి కేట్ క్విన్ వ్రాయగా 2017లో వెలువడిన ‘ది ఆలిస్ నెట్‌వర్క్’ అను నవలను ఎన్నుకొంటిని. పురుషులకే తగినదని లోకమెంచిన గూఢచర్యమును వృత్తిగా చేపట్టిన స్త్రీల కథ యిది.

ఇందు కథ రెండు కాలములలో నడచును. మొదటిది 1915. ప్రథమ ప్రపంచ సంగ్రామమున ఉత్తర ఫ్రాన్సులోని లీల్ పట్టణము జర్మనుల వశమైయున్నది. లండనులో ఒక కచేరీయందు చిరుద్యోగము చేయు ఈవ్ అను యువతిని బ్రిటిషు సైనికాధికారి యొకడు ఎన్నుకొని, శిక్షణ యిప్పించి అచటికి పంపును. ఆమెకు నత్తి కలదు. జర్మను భాష వచ్చియు రానట్లు నటించుచు, ఆ అధికారులు భోజనము చేయు హోటలులో వడ్డన పనికి కుదిరి, విన్న మాటలను తనవారికి చేరవేయును. రెండవ కాలము 1947. ఈవ్ మద్యమునకు లోబడి, విరిగి వంకరపోయిన వ్రేళ్ళతో లండనులో ఒంటరిగా నుండును. గణితము చదువుచున్న చార్లీ అను అమెరికను యువతి, యుద్ధకాలమున తప్పిపోయిన తన బంధువును వెదకుచు ఆమె తలుపు తట్టును.

ఈవ్, చార్లీ కల్పిత పాత్రలైనను ఆ గూఢచారి బృందము కల్పితము కాదు. దానిని నడిపినది లూయీజ్ ద బెతిన్యి అను ఫ్రెంచి వనిత. ఆమె 1880లో జన్మించెను. 1915లో ‘ఆలిస్ దుబ్వా’ అను మారుపేరుతో లీల్ ప్రాంతమున వార్తలు సేకరించి, ఆ అక్టోబరులోనే పట్టుబడెను. 1916లో విధించిన మరణశిక్షను పిదప కారాగారశిక్షగా మార్చిరి. 1918 సెప్టెంబరులో, యుద్ధము ముగియుటకు నెలన్నర ముందు, కొలోను నగరమున బందీగానే మరణించెను.

వడ్డించు పిల్లకు, అందునా నత్తిగల దానికి, ఏమి తెలియునని జర్మనులు తలచుటచేతనే ఈవ్ పని సాగినది. ఆ చిన్నచూపు ఆమెకు రక్షణయైనది. పని ముగిసిన పిదప ఆ చిన్నచూపే ఆమెను మరుగున పడవైచినది. చార్లీ వచ్చి యడుగువరకు ఆమె తన కథ నెవరికిని చెప్పలేదు. రచయిత్రి రెండు కాలములను జోడించుటకు కారణమిదియే యని నా తలంపు. కడపటి భాగమున పగ తీర్చుకొను కథ ముదిరి ఈ విషయమును కొంత మరుగుపరచినను నవల విలువ తగ్గలేదు.

ఇట్టి జీవితములు మనకును గలవు. మద్రాసులోని తెలుగు కుటుంబమున 1919లో జన్మించిన అయ్యలసోమయాజుల లలిత, పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయి, పసికూన నుంచుకొని, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1943లో విద్యుచ్ఛాస్త్ర పట్టభద్రురాలయ్యెను. ఆమె పట్టాపై ‘అతడు’ అని అచ్చయియున్న చోట కొట్టివేసి ‘ఆమె’ అని చేతితో దిద్దిరట! 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు ఆమె హాజరయ్యెను.

మా మేనత్త భర్త పోయిన పిదప తానే అరక కట్టి రెండెకరములు దున్నినది. మొదటి రోజున గట్టుమీద నిలిచినవారు ఏమనిరో, ఆమె ఏమనుకొన్నదో నేనెన్నడును అడుగలేదు. ఇప్పుడడుగుటకు ఆమె లేదు.

కావున నాదొక మనవి. ఈ గ్రంథాలయమున తెల్లకాగితముల పుస్తకమొకటి ఉంచుడు. మన యూరిలో మొదట తపాలా సంచి మోసిన స్త్రీ ఎవరో, మొదట నీటి ఇంజను నడిపినదెవరో, పిల్లలు అవ్వల యొద్దకు పోయి యడిగి, వారి మాటలలోనే అందు వ్రాయవలెను. స్వర్ణోత్సవము వరకు ఆగిన యెడల చెప్పువారు మిగులరు. ఈ వారమే ఆరంభింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.