రోగమునకు సిగ్గేల?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఏటా పుష్యమాసపు పున్నమి దినములలో ఎమ్మిగనూరున నీలకంఠేశ్వరస్వామి రథోత్సవము జరుగును. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల జనము తరలివచ్చి ఆ స్వామికి చేతులు జోడించును. శివుని శిరస్సుపై నున్నది ఎవరు? చంద్రుడు. ఆ చంద్రునకు వచ్చిన రోగమేది? క్షయ.

దక్షుని ఇరువదియేడుగురు కుమార్తెలను పెండ్లాడిన చంద్రుడు రోహిణియందే మక్కువ చూపగా, మామగారి శాపముచే క్షీణించెనని పురాణకథ. నక్షత్రములకు రాజైన చంద్రునకు వచ్చినది గనుక ఈ రోగమునకు రాజయక్ష్మమను పేరు కలిగెనని ప్రాచీన వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. లోకము ఈ కథలో సగమే పట్టుకొన్నది. రోగము శాపమను మాటను గట్టిగా పట్టుకొని, ఆ రోగిని ఈశ్వరుడు తలపై ధరించెనను మాటను విడిచినది. దేవుడు నెత్తిన పెట్టుకొన్నవానిని మనుష్యుడు వాకిటిలోనికి నెట్టుచున్నాడు.

ఇది ఎచ్చటి మాటయో కాదు. మగ్గపు గుంటలో కూర్చుండు నేతగానికి దగ్గు పట్టినదనుకొందము. వారములు గడచినను తగ్గదు. సాయంకాలమున జ్వరము, రాత్రి చెమటలు, ఒళ్లు కరగిపోవును. ఇంటివారు అడిగినవారికి ఉబ్బసమని చెప్పుదురు. పెండ్లికెదిగిన కూతురున్నది, సంగతి పొక్కిన సంబంధము తప్పునని భయము. సొంత ఊరి ఆసుపత్రిలో తెలిసినవారు చూతురని ఎమ్మిగనూరువాడు ఆదోనికి, ఆదోనివాడు బళ్లారికి పోవును. రోగి కోడలైనచో కథ మరింత కఠినము. ఆమెను పుట్టింటికి పంపుదురు. పుట్టింటివారు చుట్టములకు చెప్పరు. ఇట్లు దాచిన నెలలలోనే రోగము ఆ ఇంటి పసివానికి అంటవచ్చును. పరువు దక్కించుకొనుటకు దాచిన రోగము ఇంటినే దహించును.

నిజమేమో విచారింతము. 1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున రాబర్ట్ కాక్ అను వైద్యుడు ఈ రోగమునకు కారణము ఒక సూక్ష్మక్రిమియని ప్రకటించెను. ఊపిరితిత్తుల క్షయ గల రోగి దగ్గినపుడు గాలిలో కలియు క్రిములను పీల్చుటచే ఇది అంటును. తినిన కంచము వలన, కట్టిన గుడ్డ వలన, చేయి కలుపుట వలన అంటదు. క్రిమి చేరిన వారందరికిని రోగము రాదు. తిండి చాలని దేహమున, గాలి ఆడని ఇరుకు గదులలో దానికి బలము హెచ్చు. పాపపుణ్యములతో గాని, కులగోత్రములతో గాని దానికి పనిలేదు.

దాపరికము చదువుకొన్నవారిని సైతము విడువదు. రష్యా దేశపు కథకుడు చెహోవ్ స్వయముగా వైద్యుడు. ఏండ్ల తరబడి తన రక్తపు దగ్గును తేలికగా త్రోసిపుచ్చి, తుదకు 1904లో ఆ రోగముననే మరణించెను. ఆనాడు దీనికి మందు లేదు. ఈనాడు మందుండియు దాచువారికి ఏ సమాధానము కలదు?

పూర్వము రోగి ఇంటనుండరాదని ఊరికి దూరముగా శానటోరియములకు పంపెడివారు. మదనపల్లె చెంత ఆరోగ్యవరము అట్లు వెలసినదే. 1956లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రమువారు నగరపు పేదరోగులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమును శానటోరియమునందు, రెండవదానిని వారి ఇరుకిండ్లలోనే ఉంచి, ఒక ఏడాది ఒకే మందులిచ్చిరి. 1959లో ఫలితము వెలువడెను. ఇంటనున్నవారికిని ఇంచుమించు సమానముగా గుణము కలిగెను. వారి కుటుంబములలో రోగము సోకినవారి సంఖ్యయు హెచ్చలేదు. దేశదేశముల వైద్యులు ఈ పాఠమును గ్రహించిరి. మందు తినుచున్న రోగి ఇంటికి శత్రువు కాడు. మందు లేక దాగియున్న రోగమే శత్రువు.

కావున రెండు వారములకు మించి దగ్గున్నవారు ప్రభుత్వ వైద్యశాలకు పోయి కళ్లె పరీక్ష చేయించుకొనవలెను. సాధారణ క్షయకు ఆరు నెలలు మందు చాలును, అది ఉచితము. పోషణకై 2018 ఏప్రిల్ నుండి ప్రభుత్వము నెలకు 500 రూపాయలిచ్చెను. 2024 నవంబరు నుండి దానిని 1,000 చేసినది. రెండు నెలలకే దగ్గు తగ్గినదని మందు మానరాదు. మానినచో క్రిమి మొండిదై మందునకు లొంగదు. ఈ ప్రాంతమువారు సుగ్గికి దూరదేశములు పోవుదురు. పోవునపుడు వైద్యశాలలో చెప్పి, చేరిన చోట మందు దొరకు ఏర్పాటు చేసికొనవలెను. చెప్పుటకు సిగ్గుపడినవానికే మందు తప్పును.

తుదకు గ్రంథాలయమునకు తగిన మాట ఒకటి. క్షయ ఉన్న ఇంటినుండి తిరిగివచ్చిన పుస్తకమును కొందరు అంటుటకు జంకి, మూలన పడవేయుదురు. పుస్తకము వలన ఈ రోగము అంటదు. ఆ పుస్తకమును చేతులార అందుకొని, పంపినవారి క్షేమమడిగి, మరియొక పుస్తకము ఇచ్చి పంపవలెను. ఒక ఇంటి తలుపు తెరచుటకు ఆ మాత్రము చాలును. రోగము బయటపడుటకు, మందు లోపలికి పోవుటకు ఆ తలుపే దారి.

స్వస్తి.