మనోవర్తి చాలకపోతే



బిడ్డకు కోర్టువారు వేసిన మనోవర్తి మరీ తక్కువైతే, "మా రాత ఇంతే" అని ఊరుకోకండి. ఈ తీర్పుమీద అప్పీలు లేదు గాని, రివిజన్ వుంది. మన అనకాపల్లి మేజిస్ట్రేటు తీర్పయితే సెషన్స్ కోర్టులో, ఫ్యామిలీ కోర్టు తీర్పయితే హైకోర్టులో, 90 రోజుల్లోగా వేసుకోవాలి.

తీర్పునాడు సరిపోయిన డబ్బు, పిల్లవాడు బడికెళ్లేసరికి చాలలేదనుకోండి. అప్పుడు రివిజన్ అక్కర్లేదు; తీర్పిచ్చిన కోర్టులోనే పెంచమని అడగొచ్చు. నెలకు 500 రూపాయలు మించరాదన్న పాత హద్దు 2001లోనే పోయింది. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టంలోనూ, 146వ సెక్షను కింద, ఈ హక్కు అలాగే వుంది.

ప్లీడరు ఫీజుకు జంకకండి. స్త్రీలకూ పిల్లలకూ, ఆదాయంతో పనిలేకుండా, న్యాయ సేవల కమిటీవారు ఉచితంగా ప్లీడరును పెట్టిస్తారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బిడ్డ తరఫున ఇక్కడ అడగవలసింది అమ్మే!