ఎం.ఎస్. మీద తప్పుడు కథలు: ఎలా జవాబు చెప్పాలి?



2022 అక్టోబరు చివర్లో నటి సమంత తనకు మయోసైటిస్ అనే జబ్బు ఉందని స్వయంగా ప్రకటించారు. ఆ తర్వాత ఎన్నోచోట్ల దాన్ని ప్రాణాంతక వ్యాధి అని రాశారు. 'యశోద' సినిమా విడుదల సమయంలో ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆమె దానికి జవాబు చెప్పారు. జబ్బు కష్టంగానే ఉందన్నారు, దానితో పోరాడుతున్నానన్నారు. కానీ తానున్న దశలో అది ప్రాణం తీసేది కాదని, అలాంటి శీర్షికలు అక్కర్లేదని తేల్చి చెప్పారు. పడుతున్న కష్టాన్ని ఆమె దాచలేదు, అబద్ధాన్ని ఒప్పుకోనూ లేదు. జబ్బుతో ఉన్న మనిషి మీడియాకు ఎలా జవాబు చెప్పవచ్చో తెలుగువాళ్ల కళ్ల ముందున్న ఉదాహరణ అది.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఇంకో జబ్బు గురించి. దాని పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్. ఆస్పత్రిలోనైనా ఇంట్లోనైనా ఎం.ఎస్. అనే అంటాం. నరాల జబ్బుల డాక్టరుగా నేను ఈ మాటలు చెబుతున్నది ముఖ్యంగా ఎం.ఎస్. ఉన్నవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు. సినిమాలో, సీరియల్‌లో, వార్తల్లో, యూట్యూబ్‌లో మీ జబ్బును తప్పుగా చూపించినప్పుడు మీకు కోపం వస్తుంది, బాధ కలుగుతుంది. ఆ కోపంతో ఏం చేయాలో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు జబ్బు సంగతి క్లుప్తంగా. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీద దాడి చేస్తుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరానికి మైలిన్ అనే పొర ఉంటుంది. అది దెబ్బతిన్న చోట సంకేతం నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. ఎక్కడ దెబ్బతింటే దాన్నిబట్టి లక్షణం ఉంటుంది. ఒకరికి ఒక కన్ను మసకబారుతుంది. ఇంకొకరికి నడుము నుంచి కిందికి తిమ్మిరి ఎక్కుతుంది, నడకలో తూలుడు వస్తుంది. పారిస్‌లో షార్కో అనే వైద్యుడు 1868లోనే దీన్ని విడిగా గుర్తించి వివరించాడు. ఇవాళ ప్రపంచంలో 28 లక్షలమందికి పైగా ఈ జబ్బుతో బతుకుతున్నారు. మగవాళ్లలోకన్నా ఆడవాళ్లలో రెండింతలో, ఇంకా ఎక్కువో. చాలామందికి 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది.

ఇది కండరాలు కరిగిపోయే మస్క్యులర్ డిస్ట్రఫీ కాదు. స్టీఫెన్ హాకింగ్‌కు వచ్చిన జబ్బు కూడా కాదు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం అసలే కాదు. అంటుకునేది అంతకన్నా కాదు. వార్తల్లో ఈ జబ్బులన్నీ కలగాపులగం అవుతుంటాయి.

ఎం.ఎస్. గురించి జనం మనసులో ఉన్న భయపెట్టే బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. జాక్వెలిన్ దు ప్రే అని ఇంగ్లండులో గొప్ప చెల్లో విద్వాంసురాలు ఉండేది. వేళ్లలో స్పర్శ తగ్గిపోయి కచేరీలు మానుకోవాల్సి వచ్చింది. 1973లో ఎం.ఎస్. అని తేలింది. 1987లో, 42 ఏళ్లకే చనిపోయింది. ఆమె కథ ఛాయలతో 'డ్యూయెట్ ఫర్ వన్' అనే నాటకం వచ్చింది, 1986లో అదే సినిమా అయింది. 1998లో 'హిలరీ అండ్ జాకీ' వచ్చింది. ఆ సినిమాలో తమ స్నేహితురాలిని చూపించిన తీరు మీద మెనూహిన్, పెర్ల్‌మన్ లాంటి సంగీతకారులు పత్రికాముఖంగా అభ్యంతరం చెప్పారు. సినిమాల సంగతి ఎలా ఉన్నా, ఒక్క తేదీ గుర్తుపెట్టుకోండి. ఎం.ఎస్. దాడులను తగ్గించే మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్ బీటా, అమెరికాలో ఆమోదం పొందింది 1993లో. అంటే దు ప్రే చనిపోయిన ఆరేళ్లకు. ఎం.ఎస్. అని తేలాక ఆమె బతికిన 14 ఏళ్లలో డాక్టర్ల చేతిలో జబ్బు దారిని మార్చే మందు ఒక్కటీ లేదు. ఇప్పుడు ఇరవై దాకా ఉన్నాయి. 2017 నుంచి, మొదటినుంచీ నెమ్మదిగా ముదిరే రకానికి కూడా ఆమోదం పొందిన మందు ఉంది. మందులు లేని రోజుల కథను ఇవాళ జబ్బు తేలిన అమ్మాయి తన జాతకంగా చూసుకోవడం అన్యాయం. "డాక్టరు గారూ, సినిమాలో ఆవిడకి ఇలా అయింది కదా" అని ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఈ 1993 సంగతే.

మంచి ఉదాహరణా ఉంది. 1999 నుంచి 2006 దాకా అమెరికాలో నడిచిన 'ది వెస్ట్ వింగ్' సీరియల్‌లో దేశాధ్యక్షుడికే ఎం.ఎస్. అది వచ్చిపోయే రకం. ఆయన పాలిస్తాడు, వాదిస్తాడు, మళ్లీ గెలుస్తాడు. ఒక దశలో చైనా ప్రయాణంలో ఒళ్లు కదలని స్థితికీ వస్తాడు, తర్వాత తేరుకుంటాడు. మొదట్లో దాదాపు 85 శాతం మందిది ఈ రకమే. దాడి వస్తుంది, కొన్ని వారాలుంటుంది, చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడ మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఎం.ఎస్. అంటే వీల్‌చైర్ కాదు, మేమంతా హాయిగా ఉన్నాం" అని కొందరు జవాబిస్తుంటారు. దయచేసి అలా అనకండి. వీల్‌చైర్ వాడుతున్నవాళ్లూ మనవాళ్లే. చేతికర్ర పట్టుకున్నవాళ్లు, మూత్రం ఆపుకోలేక ఇబ్బందిపడేవాళ్లు, జ్ఞాపకం తడబడేవాళ్లు ఉన్నారు. భయం కథకు విరుగుడుగా హాయి కథ చెబితే వాళ్లు మళ్లీ కనబడకుండా పోతారు. వీల్‌చైర్‌ను చూపించడంలో తప్పేమీ లేదు. అందరి దారీ అదేనని, అక్కడితో బతుకు ముగిసిందని చూపించడమే తప్పు. ఎం.ఎస్. ఉన్న నటి క్రిస్టినా ఆపిల్‌గేట్ 2022 నవంబరులో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో తన పేరిట నక్షత్రం ఆవిష్కరణకు చేతికర్రతో, చెప్పులు లేకుండా వచ్చింది. ఎం.ఎస్. ఉన్న కొందరికి చెప్పుల స్పర్శే నొప్పి అవుతుందని, పట్టు తప్పేలా చేస్తుందని తర్వాత తనే వివరించింది. పెద్ద డాక్యుమెంటరీ చెప్పలేని సంగతి ఆ రెండు మాటల్లో జనానికి అర్థమైంది.

తెర మీదికి అసలు రానివి కూడా ఉన్నాయి. మనిషి కుప్పకూలడం చూపిస్తారు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ ముదిరినప్పుడు ఎం.ఎస్. ఉన్నవాళ్లకు చూపు మసకబారడం, కాళ్లు బరువెక్కడం ఎవరూ చూపించరు. ఒంట్లో వేడి పెరిగితే పాత లక్షణాలు తాత్కాలికంగా పైకి వస్తాయి, చల్లబడితే సర్దుకుంటాయి. కొత్త దాడి వచ్చిందని హడలిపోనక్కర్లేదు. తగ్గకుండా ఒక రోజు దాటితే మాత్రం డాక్టరుకు ఫోన్ చేయాలి. అలసటా అంతే. పైకి అంతా బాగానే కనిపిస్తారు. అత్తగారేమో "పొద్దున బాగానే తిరిగావుగా, ఇప్పుడేమైంది" అంటారు. ఆవిడ చెడ్డావిడేం కాదు. ఆవిడ చూసిన ఏ సీరియల్లోనూ ఈ అలసట లేదు.

ఇక పెళ్లి సంబంధాల సంగతి. ఎం.ఎస్. వంశపారంపర్యం అని ఒక్క ముక్క వార్తలో వస్తే చాలు, అక్కకు జబ్బుంటే చెల్లెలికి సంబంధాలు వెనక్కి పోతాయి. నిజానికి తల్లికో తండ్రికో ఎం.ఎస్. ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు దరిదాపుల్లో ఉంటుంది. నూటికి 98 మంది పిల్లలకు రాదు. ఎం.ఎస్. ఉన్న స్త్రీలు గర్భం దాల్చవచ్చు, బిడ్డను కనవచ్చు. ఏ మందు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ముందుగానే డాక్టరుతో మాట్లాడుకుంటే సరిపోతుంది. ఇంత హాని చేసే తప్పును చూసీచూడనట్టు వదిలేయకూడదు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయానికి వస్తాను. భయపెట్టే తప్పు చూస్తే మనకు కోపం వస్తుంది. ఆశపెట్టే తప్పు చూస్తే రాదు. దాన్ని పదిమందికీ పంపిస్తాం.

2009లో ఇటలీలోని ఫెరారాకు చెందిన పావొలో జాంబోని అనే రక్తనాళాల వైద్యుడు ఒక వాదన తెచ్చారు. ఆయన భార్యకే ఎం.ఎస్. మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే మెడ సిరలు ఇరుకుగా ఉండటమే ఈ జబ్బుకు మూలమని, బెలూన్‌తో వాటిని వెడల్పు చేస్తే మేలని ఆయన అన్నారు. ఆయన ప్రయోగం జరిపింది కొద్దిమంది మీదే. ఆ నవంబరులో కెనడాలో ఒక టీవీ చానెల్ దీన్ని గొప్ప ఆశాకథనంగా ప్రసారం చేసింది. ఇక ఆగలేదు. రోగులు వీధుల్లోకి వచ్చి ఈ చికిత్స కావాలని ప్రదర్శనలు చేశారు. సందేహించిన నరాల డాక్టర్లను మందుల కంపెనీల మనుషులన్నారు. పోలండ్‌కు, మెక్సికోకు, కోస్టారికాకు, మన దేశంలోని ప్రైవేటు ఆస్పత్రులకు సొంత డబ్బుతో వెళ్లి చేయించుకున్నారు. కొందరికి రక్తం గడ్డకట్టింది, కొందరికి సిరలో పెట్టిన స్టెంటు జారింది, మరణాలూ జరిగాయి. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. చివరికి కెనడాలోనే 104 మంది మీద సరైన పద్ధతిలో పరీక్షించారు. సగం మందికి నిజంగా చేశారు, సగం మందికి చేసినట్టు నటించారు. దాదాపు ఏడాది తర్వాత చూస్తే తేడా లేదు. 2017లో ఈ ఫలితం వచ్చింది. అదే ఏడాది జాంబోని సొంత పరిశోధన కూడా అదే చెప్పింది.

ఆ రోగులను నేను నిందించను. రోజురోజుకూ కాలు పట్టు తప్పుతున్న మనిషికి ఎవరో చేయి చాపితే పట్టుకోకుండా ఎలా ఉంటాడు? నా కోపమల్లా పరీక్ష పూర్తికాకముందే దాన్ని విముక్తి అని ప్రచారం చేసినవాళ్ల మీద.

ఇవాళ అదే స్థానంలో స్టెమ్ సెల్ (మూలకణ) చికిత్స ఉంది. ఇక్కడ నిజమూ కల్తీ పక్కపక్కనే ఉన్నాయి. బలమైన మందులతో రోగనిరోధక వ్యవస్థను తుడిచేసి, మనిషి సొంత మూలకణాలతో దాన్ని మళ్లీ పెంచే చికిత్స నిజంగానే ఉంది. దాడులు ఎక్కువగా వస్తూ, మందులకు లొంగని కొందరికి అది పనిచేస్తుంది, ప్రమాదాలూ ఉంటాయి. 2016 జనవరిలో బీబీసీ దీని మీద కార్యక్రమం చేశాక అద్భుతం అంటూ శీర్షికలు వచ్చాయి. కానీ ఏదో క్లినిక్‌లో వెన్నులోకి ఒక ఇంజెక్షన్ వేసి జబ్బు మాయమంటే అది వేరే సంగతి. పేరు దగ్గరగా ఉందని మోసపోకండి.

సరే, తప్పు కనబడింది. ఏం చేయాలి? కోపంలో వెంటనే రాయకండి. ఒక రాత్రి ఆగండి. తేదీ, కార్యక్రమం పేరు, ఆ మాట వచ్చిన నిమిషం రాసిపెట్టుకోండి. పేపరైతే కత్తిరించి ఉంచండి, వీడియో అయితే స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత చిన్న ఉత్తరం. ఇలా రాయవచ్చు:

"ఫలానా తేదీ మీ కార్యక్రమంలో ఎం.ఎస్. వస్తే కొద్ది సంవత్సరాల్లో మరణం తప్పదన్నారు. అది సరికాదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమంది దశాబ్దాలు జీవిస్తారు. సగటు ఆయుర్దాయం కొన్నేళ్లు మాత్రమే తక్కువ. మీ మాట విన్న కొత్త రోగి చికిత్స మొదలుపెట్టకుండానే కుంగిపోవచ్చు. దయచేసి సవరణ ఇవ్వండి. మళ్లీ ఈ విషయం మీద కార్యక్రమం చేస్తే వివరాలివ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం."

అంతే. ఒక తప్పు, దానికి ఒక నిజం, దానివల్ల జరిగే హాని, మనం కోరేది. పది తప్పులున్నా అన్నిటికన్నా హానికరమైనదాన్ని ఎంచుకోండి. తిట్లు ఉంటే ఆ ఉత్తరం చెత్తబుట్టకే. విలేకరులు చాలామంది తొందరలో తప్పు రాస్తారు, చెబితే దిద్దుకుంటారు.

దిద్దకపోతే దారులున్నాయి. టీవీ చానెల్ అయితే 2021 నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదును 15 రోజుల్లో పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే చానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. దినపత్రిక అయితే ముందు సంపాదకుడికి రాసి, జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు. జబ్బు మాయం చేస్తామనే ప్రకటనలకు 1954 నాటి చట్టం ఉంది. పక్షవాతం, నాడీమండల రుగ్మతలు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

సినిమాల విషయంలో సుప్రీంకోర్టు 2024 జులై 8న మంచి మాటలు చెప్పింది. 'ఆంఖ్ మిచోలీ' సినిమా మీద నిపున్ మల్హోత్రా వేసిన కేసు అది. ఆ సినిమా మీద చర్య తీసుకోలేదు గానీ, వైకల్యాన్ని చిత్రించేవాళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్య సమాచారాన్ని వీలైనంతవరకు సరిచూసుకోవాలంది. ఆ మనుషులనే సంప్రదించాలంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు నేరుగా ఉంది కాబట్టి, ఈ తీర్పును మీ ఉత్తరంలో ధైర్యంగా ప్రస్తావించండి.

మరొక్క జాగ్రత్త. జవాబు చెప్పడానికి మీ సొంత జబ్బును బయటపెట్టాల్సిన పని లేదు. ఉద్యోగం ఉంది, పిల్లల చదువులున్నాయి, ఇరుగుపొరుగు ఉన్నారు. మీ ఎం.ఆర్.ఐ. రిపోర్టు ఎవరికీ చూపించనక్కర్లేదు. ఒంటరిగా రాయలేకపోతే 1985 నుంచి పనిచేస్తున్న మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. సంస్థ పేరుతో వెళ్లే ఉత్తరానికి బరువూ ఎక్కువ, మీకు రక్షణా ఎక్కువ. పేరుతో బయటికి రావాలనుకుంటే రండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని రండి.

ఈ ప్రసంగం వింటున్న విలేకరులు, రచయితలు ఉంటే మీకూ ఒక మనవి. ఎం.ఎస్. గురించి రాసేముందు ఒక నరాల డాక్టరుకు, ఆ జబ్బుతో బతుకుతున్న ఒక్క మనిషికి ఫోన్ చేయండి. ఎం.ఎస్. ఉన్న శ్రోతలారా, ఏ వార్త చూసినా, ఎంత ఆశగా అనిపించినా, ఎంత భయం వేసినా, మీ డాక్టరుతో మాట్లాడకుండా వాడుతున్న మందు ఆపకండి.