పరిశోధనశాలకును పొలమునకును నడుమ

తొలకరి వాన పడగానే ప్రతి రైతు ఎదుటను ఒక ప్రశ్న నిలుచును: ఈ యేడు ఏ విత్తనము చల్లవలెను? సమాధానము పెక్కుసార్లు పరిశోధన కేంద్రమున సిద్ధముగనే యుండును. కేంద్రమొకచోట, పొలమొకచోట నుండుటయే చిక్కు. ఆ నడుమ దారి వేయుటకే వ్యవసాయ విస్తరణ సేవ యేర్పడినది. ఆ దారి ఎట్లు పడినదో, ఎచ్చట గండి పడినదో మనము కొంచెము విచారింతము.

పరిశోధన మనకు క్రొత్త కాదు. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913 లోను, మార్టేరులో వరి పరిశోధన 1925 లోను ఆరంభమైనవి. వాని ఫలితములను ఊరూర చాటు యంత్రాంగము మాత్రము స్వాతంత్ర్యానంతరమే విస్తరిల్లినది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము, మరుసటి యేట అదే దినమున జాతీయ విస్తరణ సేవ ప్రారంభమైనవి. గ్రామసేవకుడు వచ్చెను. సేద్యము, పశువులు, పారిశుద్ధ్యము, బాటలు అన్నియు అతని నెత్తిపైననే పడినవి. పిదప 1960-61లో సాంద్ర వ్యవసాయ పథకమునకు దేశమున తొలుత ఎన్నుకొన్న జిల్లాలలో మన పశ్చిమ గోదావరి యొకటి. విత్తనము, ఎరువు, అప్పు, సలహా కలసి అందినచో పైరు ఎట్లుండునో అచ్చట చూపగోరిరి.

1964లో రాజేంద్రనగరున వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసెను. క్రమముగా పరిశోధన దాని పాలయ్యెను. గ్రామములలో తిరుగు సిబ్బంది వ్యవసాయ శాఖలోనే నిలిచిరి. అన్నదమ్ములు వేరుపడి ఒకే బావి నీరు తోడుకొనినట్లు, ఇరువురును రైతు కొరకే పనిచేసిరి గాని, ఒకరి మాట ఒకరికి చేరుటకు ప్రత్యేకముగా ఏర్పాట్లు కావలసివచ్చెను. 1980 దశకమున వచ్చిన శిక్షణ-సందర్శన పద్ధతి, 1998 నుండి జిల్లాలలో నెలకొనిన ఏరువాక కేంద్రములు అట్టి ఏర్పాట్లే. కృషి విజ్ఞాన కేంద్రములలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో వెలసినది. 2014లో రాష్ట్రము విడిపోగా విశ్వవిద్యాలయములును రెండైనవి. 2020లో ఆంధ్రప్రదేశమున రైతు భరోసా కేంద్రములు, తెలంగాణమున రైతు వేదికలు వచ్చినవి. మొదటివానిని 2024 నుండి రైతు సేవా కేంద్రములనుచున్నారు.

ఇన్ని మెట్లు కట్టినను, పై నుండి క్రిందికి దిగిన మాటలే హెచ్చు. క్రింది నుండి పైకెక్కిన ప్రశ్నలు తక్కువ. పైకెక్కిన ప్రశ్న ఎంత మేలు చేయునో సాంబ మసూరి చరిత్ర చెప్పును. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ సన్నబియ్యపు వంగడమును తినువారు మెచ్చిరి, మిల్లువారు మెచ్చిరి. అయితే బాక్టీరియా ఎండు తెగులు సోకినచో అది తాళజాలదు. మరియొక విత్తనము వేసికొనుడని చెప్పుట సులభము. కాని ధర పలుకు ధాన్యమును రైతు ఎట్లు విడుచును? ఆ చిక్కును గ్రహించి, హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలక కార్యాలయము, కణ, అణుజీవశాస్త్ర కేంద్రము కలసి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను ఆ సాంబ మసూరిలోనికే తెచ్చిరి. ఆ మెరుగైన వంగడము 2008లో విడుదలయ్యెను. గింజ మారలేదు, తెగులునకు ఓర్చు శక్తి మాత్రము చేరినది.

చిరుసంచుల పరీక్షలోని అంతరార్థమును ఇదియే. విడుదలకు ముందే క్రొత్త విత్తనమును కొలదిగా రైతులకిచ్చి, వారి చేలలోనే దాని గుణదోషములను తెలిసికొందురు. అచ్చట రైతు పలికిన మాట శాస్త్రజ్ఞుని లెక్కలతో సమానమైన విలువ గలది.

అయితే ఎవరి మాట వినబడుచున్నది? నాటు వేయుట, కలుపు తీయుట స్త్రీల చేతులమీదుగా జరుగును. సమావేశమునకు పిలుపు తరచు పురుషునికే వచ్చును. పంట పోయిన అప్పు కౌలుదారునిది. జాబితాలో పేరు భూస్వామిది. సలహా చెప్పువారు కనబడనిచోట రైతు పురుగుమందుల అంగడివాని మాటపైననే ఆధారపడును. అమ్మువాడు అమ్మకమునే చూచుకొనును. అక్కరలేని మందు ఒక్కమారు చల్లినను ఆ ఖర్చు రైతు అప్పులోనే చేరును.

కావున మన వంతు పనియు కొంత కలదు. తెగులు సోకిన మొక్కను వేరుతో సహా పెరికి అధికారికి చూపవలెను. విత్తన రకము, నాటిన తేదీ, వేసిన ఎరువులు చెప్పవలెను. క్రొత్త విత్తనము వేయునపుడు ప్రక్కనే ఒక మడిలో పాతదానిని వేసి పోల్చుకొనవలెను. 2004 నుండి పనిచేయుచున్న కిసాన్ కాల్ సెంటరును 1800-180-1551 సంఖ్యపై తెలుగులోనే అడుగవచ్చును. వెంటనే బదులు రాని ప్రశ్న పరిశోధన కేంద్రమునకు చేరినదా యని మరల విచారింపవలెను.

1960 దశకమున తంజావూరు రైతులు, రేడియోలో విని సాగుచేసిన ఆడుతురై 27 అను వరికి ‘రేడియో వడ్లు’ అని పేరిడిరి. మాట పొలము చేరినచో పైరగునని దానివలన తెలిసినది. పొలము మాటయు అంత వేగముగా పరిశోధనశాలను చేరిననాడే ఈ దారి పూర్తియైనదని మనము చెప్పుకొనవచ్చును.